ఎడమచేతి కింద నవ్వు

రేడియో స్టేషన్,
రెండో అంతస్తు, గాజు గది

సైరనమ్మకు మావయ్య ఆశీస్సులు.

ఈ ఉత్తరం రాయకుండా ఊరుకుందామనే అనుకున్నాను. కాగితం తీశాను, మళ్ళీ సొరుగులో పడేశాను, వెళ్ళి టీ తాగొచ్చాను. పెన్ను పనిచెయ్యదేమోనని ఆశపడితే అది మహా చక్కగా రాసింది. పైగా మీ అమ్మ, "అన్నయ్యా, దానికేం చెప్పకు, దాని నోరు నీకు తెలుసుగా" అంది. తెలుసు కాబట్టే రాస్తున్నాను. ఇంకెవరో చెప్పగా విని నా మీద పడేకంటే, నేనే చెప్పి తిట్లు తినడం మేలు. ఫోన్ చెయ్యొచ్చుగా అంటావు. రోజంతా చెవులతో బతికేవాణ్ణి, ఇంటికొచ్చాక వాటికి సెలవు ఇస్తానని నీకు తెలియంది కాదు.

నీ ర్యాప్ పాట మా స్టేషన్‌కి వచ్చింది. సభ్యత కమిటీ వింది. ఒక్క మాట తీసేస్తే ప్రసారం చేసుకోవచ్చంది. ఆ మాట తీసింది నేనే.

కాస్త ఆగు. కాగితం నలపకు.

నీకా పేరు పెట్టిందీ నేనే కదా. ఉయ్యాల్లో నువ్వు ఏడుపు అందుకుంటే పక్కవీధి మిల్లువాళ్ళు షిఫ్టు మారిందనుకుని లేచి కూర్చునేవాళ్ళు. ఆ సైరనే ఇప్పుడు పోస్టర్లెక్కింది. పేరు పెట్టినవాడే పాటకి కన్నం పెట్టాడు, అంతే తేడా.

నా పనేమిటో నీకు ఎప్పుడూ సరిగ్గా చెప్పలేదు. మా దగ్గర పుట్టిన మాట ఊరికి చేరేటప్పటికి కొన్ని సెకన్లు ఆలస్యం అవుతుంది. ఆ ఆలస్యంలో కూర్చునేవాణ్ణి నేను. నా కుడిచేతి కింద ఒక మీట ఉంటుంది. నొక్కితే మాట మాయమై బీప్ వస్తుంది. ఎడమచేతి కింద ఇంకోటి ఉంటుంది. అది నొక్కితే నవ్వు వస్తుంది. ఎవరో, ఎప్పుడో, ఏ హాల్లోనో నవ్విన నవ్వు. అందులో ఒకావిడ చివర్లో దగ్గుతుంది. ఆవిడ ఇప్పుడు బతికుందో లేదో, నేను మాత్రం రోజూ పొద్దున్నే ఆవిణ్ణి దగ్గిస్తుంటాను.

ఏం చెబుతున్నాను? నీ పాట. మామూలుగా బీప్ అంటే ఒకటే కూత, చెవిలో పుల్ల పెట్టినట్టుంటుంది. నీ పాటకి అలా చెయ్యలేదు. శ్రుతి పట్టుకుని, దానికి కలిసేలా బీప్‌ని దించాను. వినేవాడికి అదీ ఒక వాయిద్యమే అనిపిస్తుంది. ఇంత శ్రద్ధ నేను ఎవరికీ తీసుకోలేదు.

అసలు సంగతి కూడా చెప్పేస్తాను. ఆ మాట మీ అమ్మని అన్న మాట. అది ఊరంతా ఎందుకు వినాలి? ఆసుపత్రి లాండ్రీలో మీ అమ్మతో దుప్పట్లు ఉతికేవాళ్ళంతా వింటారు. ఆ మెట్ల మీద జరిగింది మన ఇంట్లోనే ఉండనీ అనుకున్నాను.

కోపం తగ్గాక రాయి. తగ్గకపోయినా రాయి.

మావయ్య

*

అద్దె గది,
బస్సుల షెడ్డు ఎదురుగా

మావయ్యా,

తగ్గలేదు.

శ్రుతి కలిపావా? నిజంగా? మా అమ్మ నోరు మూస్తూ దానికి రాగం కట్టావా? ఆ ముక్క చదివి, లేచి బయటికెళ్ళి, షెడ్డు చుట్టూ తిరిగొచ్చి మళ్ళీ చదివాను. అదే ఉంది.

ఇదిగో నా పాట. నీకు కంఠతా వచ్చే ఉంటుంది, అయినా రాస్తున్నాను. కన్నం లేకుండా ఒక్కచోటైనా ఉండాలి కదా.

మెట్ల మీద ఓనరు, వేలికి తాళం చెవులు,
గుమ్మం పక్కనే ఉన్నాయి ఇంకా నాన్న చెప్పులు,
"మొగుణ్ణి మింగిన ముండవి, గది ఖాళీ చెయ్" అన్నాడు,
మా అమ్మ దుప్పటి మడత పెట్టింది, మడత పెట్టింది, మడత పెట్టింది.

ఆ మాట నాది కాదు. ఓనరుది. నేను వాడి మాట వాడి నోట్లోనే పెట్టి ఊరికి చూపించాను. నువ్వు దాన్ని తీసేశాక ఏం మిగిలింది? ఓనరు మర్యాదస్తుడైపోయాడు. నేను బూతులదాన్నయ్యాను. మొన్న టీ కొట్టు దగ్గర ఒకాయన, "ఆ బీప్ దగ్గర ఏమంది ఆ పిల్ల?" అని పక్కవాణ్ణి అడుగుతున్నాడు. వాడు చెవిలో ఏదో చెప్పాడు. ఇద్దరూ పగలబడి నవ్వారు. ఓనరు అన్నదానికంటే పెద్దదేదో చెప్పి ఉంటాడు. నీ కన్నంలో ఎవడికి తోచింది వాడు పోసుకుంటున్నాడు మావయ్యా, అదీ మా అమ్మ మీదే.

ఇంకోటి. ఇవాళ పొద్దున మీ స్టేషన్‌లో ఊరంతా బాబాయ్ అని పిలిచే ఆయన ప్రోగ్రాం విన్నాను. నాతోపాటు ఎదురు షెడ్డులో డ్రైవర్లందరూ విన్నారు. ఫోన్ చేసిన ఆవిణ్ణి "ఏమే పిచ్చిముండా, మొగుడు లేచాడా" అన్నాడు. వంట గురించి అడిగిన ఇంకో ఆవిణ్ణి "వగలమారి ముండ" అన్నాడు. ప్రతిసారీ నవ్వు. ఆ చివర దగ్గే ఆవిడ కూడా నవ్వింది.

అప్పుడు నీ కుడిచెయ్యి ఏం చేస్తోంది? అది చెప్పు చాలు.

సైరన్

*

రేడియో స్టేషన్,
గాజు గది

సైరనమ్మకు,

ఒళ్ళో ఉంది. నా కుడిచెయ్యి ఒళ్ళో ఉంది. ఎడమచెయ్యి పనిచేస్తోంది.

నీ ఉత్తరం జేబులో పెట్టుకుని ఒక వారమంతా బాబాయ్‌ని విన్నాను. అంతకుముందు విన్లేదా అంటే, విన్నాను కానీ వినలేదు. ఫ్యాన్ చప్పుడు విన్నట్టు. ఊరంతటికీ ఆయన బాబాయ్. సబ్బులు అమ్మేదీ, పెళ్ళి సంబంధాలు కలిపేదీ ఆయనే. మనిషి చెడ్డవాడేం కాదు. స్టూడియోలోకి వచ్చేముందు బూట్లు విప్పి, అద్దంలోంచి నాకో నమస్కారం పెట్టి కూర్చుంటాడు. ఆ తర్వాత నోరు తెరుస్తాడు.

మేనేజరు దగ్గరికి వెళ్ళాను. మనవడి వయసు కుర్రాడు, నన్ను మాస్టారూ అంటాడు. ఏం నేర్పానో వాడికీ తెలీదు, నాకూ తెలీదు.

"బాబాయ్ అనేదీ అదే మాట కదండీ" అన్నాను.

"ఆయన అంటే జనానికి నవ్వొస్తుంది మాస్టారూ."

"రాదండీ. నేను నొక్కుతాను."

"ఆయన ప్రేమగా అంటాడు. ఆ పిల్ల కోపంగా అంది. తేడా లేదా?"

"ఆ పిల్ల అనలేదు. వాళ్ళ ఓనరు అన్నాడు, ఆ పిల్ల చెప్పింది."

"ర్యాప్‌లో ఎవరన్నారో ఎవరు చూస్తారండీ? అది మొదలవగానే జనం బూతు కోసం చెవులు రిక్కిస్తారు."

"బాబాయ్‌కి రిక్కించరా?"

"అలవాటైపోయింది కదా" అన్నాడు, అదేదో ధర్మసూక్ష్మం చెప్పినట్టు.

బయటికొస్తుంటే పాత సంగతొకటి గుర్తొచ్చింది. నేను చేరిన కొత్తల్లో రేడియో నాటకాలు జోరుగా ఉండేవి. విలన్ వేషం ఒకాయన వేసేవాడు, పరమ సాధువు, జేబులో ఎప్పుడూ పిల్లలకిచ్చే పిప్పరమెంటు బిళ్ళలుండేవి. ఒక నాటకంలో కోడల్ని పట్టుకుని ఇదే మాట గొంతు చించుకుని అన్నాడు. దానికి శాలువా కప్పారు. అది కళ. బాబాయ్ అంటే హాస్యం. నీ పాట మీద కమిటీ కూర్చున్న రోజున అధ్యక్షుడు ఆ మాట ఎంత అసహ్యమైనదో వివరిస్తూ బల్ల గుద్ది గుద్ది మరీ అదే మాట అన్నాడు. టీ తెచ్చినావిడ తలుపు దగ్గరే నిలబడిపోయింది. అది సభ్యత. నువ్వంటే బూతు.

ఇది చెబుతుంటే నాకు కోపం వస్తోంది. ఆ కోపం వల్లే అక్షరాలు వంకరపోతున్నాయి, సరిపెట్టుకో.

అయితే మేనేజరు ఒక దారి చెప్పాడు. నిన్ను పొద్దుటి ప్రోగ్రాంకి పిలుస్తారట. బాబాయ్ పక్కన కూర్చుని, ఎవరినీ నొప్పించాలని కాదు అని ఒక్కమాట అంటే చాలు, పాట ఇకమీదట రోజూ వేస్తారట, కన్నంతోనే. నువ్వు వస్తే మంచిదని నాకనిపిస్తోంది. నువ్వు ఊరూరా తిరిగి పాడటమంతా ఆ పాట మీదే ఆధారపడి ఉందని మీ అమ్మ చెప్పింది.

మావయ్య

*

అద్దె గది

మావయ్యా,

వస్తాను. క్షమించండి అనను.

నీకు తెలియనిది ఒకటుంది. ఆ లైను నేను రాయలేదు. మొదట "ఓనరు ఏదో అన్నాడు" అని రాసుకున్నాను. సిగ్గేసింది నాకు, నీకు లాగే. అమ్మకి వినిపించాను. ఇస్త్రీ పక్కన పెట్టి, "ఏదో ఏంటి? వాడేమన్నాడో నాకు గుర్తుంది. అదే పెట్టు. నేనొక్కదాన్నే ఎన్నాళ్ళు వింటాను, ఊరు కూడా వినాలి" అంది.

నువ్వు అమ్మ పరువు కాపాడావనుకుంటున్నావు. అమ్మ నీతో చెప్పలేదు, నువ్వు బాధపడతావని. రేడియోలో ఆ బీప్ వచ్చిన రోజున లాండ్రీలో అందరి ముందూ పాట పెట్టించిందట. ఆ లైను దగ్గర అందర్నీ ఆగమందట. అక్కడ నీ వాయిద్యం మోగింది.

ఆ రోజు మీట దగ్గర నువ్వే ఉంటావా?

సైరన్

*

ఇల్లు, వంటగది బల్ల

సైరనమ్మకు,

నువ్వు అటునుంచి అటే బస్సెక్కేశావు. గదిలో ఏం జరిగిందో నీకు తెలుసు. బయటికి ఏం వెళ్ళిందో నాకొక్కడికే తెలుసు. అది చెబుతాను.

ఆ లైను తనే పెట్టించానని మీ అమ్మ నాతో ఒక్కమాట కూడా అనలేదు కదా అని దారంతా అనుకుంటూ వచ్చాను ఆ రోజు. నువ్వొచ్చి కూర్చున్నావు. బాబాయ్ మామూలుగానే బూట్లు విప్పాడు, నాకు నమస్కారం పెట్టాడు. మేనేజరు నా వెనకాల నిలబడి, "మాస్టారూ, ఆ పిల్ల నోటి మీద కన్నేసి ఉంచండి" అన్నాడు. వేశాను.

"రా సైరన్ పాపా. మైకు కొరకవు కదా?" అన్నాడాయన. నవ్వు నొక్కాను. అలవాటు.

"మీరు ముందు మొదలెట్టండి, నోరు తిరిగినవాళ్ళు మీరే కదా" అన్నావు. దానికి ఎవరూ నొక్కకుండానే నాకు నవ్వొచ్చింది.

అప్పుడన్నాడు. "మీ అమ్మ వింటోందా? ఆ పిచ్చిముండకి ర్యాప్ ఏం అర్థమవుతుందే?" అని, అద్దంలోంచి నావైపు చూశాడు, నవ్వు కోసం.

ఎడమచెయ్యి కదల్లేదు. కుడిచెయ్యి వెళ్ళి నొక్కింది.

ఆయనకి లోపల బీప్ వినపడదు, నీకూ వినపడదు. నవ్వు రాకపోయేసరికి వంట మంట మీద మర్చిపోయినవాడిలా మొహం పెట్టాడు. నువ్వు చేతులు బల్లమీద పెట్టి, "వింటోంది. మీరిప్పుడన్న మాటే మా ఓనరు కూడా అన్నాడు" అని పాట చెప్పావు. తాళం లేదు, వాయిద్యం లేదు, చదివినట్టు చెప్పావు. దాన్ని ముక్క తగ్గకుండా వెళ్ళనిచ్చాను. మేనేజరు నా భుజం పట్టుకుని ఊపుతున్నాడు. భుజం ఊగింది కానీ చెయ్యి ఊగలేదు.

ఆ తర్వాత బాబాయ్ ఫోన్లు తీసుకున్నాడు. పిచ్చిదన్నాడు, దొంగదన్నాడు, ఆ వెనకాల ఆ తోక తగిలిస్తూనే ఉన్నాడు. తగిలించిన ప్రతిసారీ నొక్కాను. నియమం అందరికీ ఒకటే అన్నారు కదా, ఒకటే చేశాను. బాబాయ్ ప్రోగ్రాం మొత్తం సైకిల్ బెల్లులా మోగింది. ఆయన ఎన్నిసార్లు అంటాడో ఊరికి మొదటిసారి తెలిసి ఉంటుంది.

నా మీద విచారణ పెట్టారు. కమిటీ పిలిచింది. వెళ్తాను. ఏమంటారో అననీ. ఎన్నేళ్ళ తర్వాతో హాయిగా అన్నం తిని ఈ ఉత్తరం రాస్తున్నాను.

మావయ్య

*

అద్దె గది

మావయ్యా,

నీ హాయిని చెడగొడుతున్నాను.

బస్సులో నా ముందు సీట్లో ఇద్దరు ఆ ప్రోగ్రాం గురించే మాట్లాడుకున్నారు. "పాపం బాబాయ్, ఆ పిల్లని పక్కన కూర్చోబెట్టుకుని ఎంత ఓపిక పట్టాడో. దాని బూతులకి బీపులు కొట్టలేక చచ్చారు" అంటున్నారు. నేను వెనకాలే కూర్చుని ఉన్నాను. గొంతు ఎవరిదో కూడా తెలీదా అనుకుంటున్నావా? నేనూ అదే అనుకున్నాను. కానీ బీప్ వినపడి, పక్కన ర్యాపర్ ఉంటే, ఇంక గొంతుతో ఎవరికి పని?

నాలుగు చోట్ల పాడాల్సింది, మూడు చోట్ల వద్దన్నారు. నాలుగో ఆయన "కాస్త బూతులు తగ్గించుకుంటే ఆలోచిద్దాం" అన్నాడు. ఏ బూతులో చెప్పమన్నాను. "ఆ రోజు రేడియోలో అన్నవి" అన్నాడు.

అర్థమైందా? బాబాయ్ నోట్లోది తీసి నా నోట్లో పెట్టావు.

నాకోసమే చేశావని తెలుసు. విసుగంతా అక్కడే ఉంది. శ్రుతి కలిపిందీ నాకోసమే. ఆ మీట మీద చెయ్యేసి ఎవరికి ఏది వినపడాలో నువ్వు నిర్ణయించడమే నాకు గిట్టంది. ఒకసారి వాళ్ళ తరఫున నిర్ణయించావు, ఒకసారి మా తరఫున. వదిలెయ్యొచ్చు కదా మావయ్యా. ఆయనదీ వదిలి, నాదీ వదిలి, నవ్వు కూడా నొక్కకుండా చేతులు కట్టుకుని కూర్చుంటే ఏమయ్యేది? ఆయనన్నదీ, ఓనరు అన్నదీ పక్కపక్కనే ఉండేవి. నవ్వు లేకుండా. ఊరు ఒక్కసారి ఆ రెండూ వినేది. మా అమ్మకి కావాల్సింది అంతే.

అన్నయ్యని ఏమీ అనకు అంటోంది అమ్మ. అనేశాను కదా, ఇంకేం చేస్తాను.

సైరన్

*

ఆసుపత్రి వెనక వీధి,
లాండ్రీ బయట బెంచీ

సైరనమ్మకు,

వదిలెయ్యొచ్చు కదా అన్నావు. గాజు గదిలో కూర్చున్నవాడికి చేతికింద ఉన్నది ఏదో ఒకటి నొక్కకపోతే తోచదు. చేతులు ఒళ్ళో పెట్టుకోవడం మాకెవరూ నేర్పలేదు, అదీ ఒక పనేనని.

కమిటీ ముందుకెళ్ళాను. బీపులు పడకముందు గదిలో రికార్డయింది నన్నే వినిపించమన్నారు. పెట్టాను. బాబాయ్ మాట వచ్చినచోట ఇద్దరు మూతులు బిగించుకుని నవ్వు ఆపుకున్నారు. ఒకాయన ఆపుకోలేదు, "ఆయనంతే లెండి" అన్నాడు. నవ్వు మీట లేదు అక్కడ, ఏమీ లేదు, వాళ్ళంతట వాళ్ళే నవ్వారు. ఆ వెంటనే నీ గొంతులో అదే మాట వచ్చింది. అధ్యక్షుడు చెవి దగ్గర ఈగ వాలినట్టు చెయ్యెత్తి, "ఆపండి, ఆపండి" అన్నాడు.

"పాత యంత్రమండీ, ఆగడానికి కాస్త టైం పడుతుంది" అన్నాను. అది కొత్త యంత్రం. మడత పెట్టింది, మడత పెట్టింది, మడత పెట్టింది దాకా విన్నారు. నేల చూపులు చూస్తూ విన్నారు, కానీ విన్నారు.

కాబట్టి నువ్వు చెప్పిన ఉపాయం కూడా వాళ్ళ దగ్గర చెల్లదు అమ్మాయీ. రెండూ పక్కపక్కనే పెట్టినా వాళ్ళ చెవుల్లోనే ఆ రెండు మీటలూ ఉన్నాయి. నీ మీద కోపంతో చెప్పడం లేదు. వాళ్ళ మీద కోపంతో చెబుతున్నాను. ఇంత వయసొచ్చాక కోపం అరగదంటారు, నాకు బాగానే అరుగుతోంది, మళ్ళీ మళ్ళీ ఆకలేస్తోంది.

తీర్పు కూడా చెప్పారు. నీ పాట ఇక ఎప్పుడూ వెయ్యరు, కన్నంతో కూడా. బాబాయ్‌ని కాస్త చూసుకుని మాట్లాడమన్నారట, ఆయన సరేనని నమస్కారం పెట్టాడట. నన్ను విశ్రాంతి తీసుకోమన్నారు. వచ్చేటప్పుడు "నేనేం తప్పన్నాను మాస్టారూ?" అని బాబాయ్ నా చెయ్యి పట్టుకున్నాడు. నిజంగానే తెలియక అడిగాడు. నాకు అదే ఎక్కువ మండింది. చెయ్యి విడిపించుకున్నాను.

ఇంట్లో తోచక రెండు రోజులుగా మీ అమ్మ దగ్గరికి వస్తున్నాను. పెద్ద దుప్పట్లకి అవతలి కొస పట్టుకోవడానికి ఒక మనిషి కావాలి. పట్టుకుంటున్నాను.

ఇవాళ పొద్దున బీరువా మీది రేడియోలో బాబాయ్ వచ్చాడు. ఎవరో ఆవిడ ఫోన్ చేసింది. అదే మాట అన్నాడు. నవ్వు కాస్త ఆలస్యంగా వచ్చింది, మీట దగ్గర కొత్తవాడు. ఆ నవ్వు చివర్లో మామూలుగానే ఆవిడ దగ్గింది.

మీ అమ్మ చేతులు కొంగుకి తుడుచుకుని, స్టూలెక్కి, ప్లగ్గు పీకేసింది. "అదేంటక్కా, పాటలు రావా ఇంక?" అంది వెనకాల ఒకమ్మాయి. మీ అమ్మ దిగొచ్చి దుప్పటి కొస అందుకుని, నీ పాటలో ఆ లైను చెప్పింది. మొత్తం చెప్పింది. గొంతు పెంచలేదు.

"ఎవరన్నారు నిన్ను?" అంది ఆ అమ్మాయి.

"మా ఓనరు" అంది మీ అమ్మ.

ఎవరూ నవ్వలేదు. మీ అమ్మ తన కొసలు రెండూ కలిపి నా చేతికిచ్చింది. నేను మడత పెట్టాను. ఇంకో దుప్పటి తీసింది.

మావయ్య